ఒబాండో బట్టీ నుంచి సరస్సు వైపు రెండు వీధులు

డిసెంబరు 23, 1972. శనివారం, సాయంత్రం.
రాత్రి భూకంపం. రాజధాని మనాగ్వా నేలమట్టం. గ్రనాదా నుంచి లారీలో వచ్చాను. చెల్లెలు ఎల్బా గది మారి రెండు వారాలే. ఆ ఇల్లు నేను చూడలేదు. ఇంటావిడ, ముసలి దోన్యా క్లెమెంతీనా, చెప్పిన అడ్రసే ఎల్బా ఉత్తరంలో రాసింది: ఒబాండో రొట్టెల బట్టీ నుంచి సరస్సు వైపు రెండు వీధులు, ఎడమ చేతి మూడో ఇల్లు. బట్టీ కూలిపోయింది గాని బోర్డు దొరికింది. అక్కణ్ణుంచి నడిచాను. మూడో ఇల్లు పెంకుల గుట్ట.

డిసెంబరు 24.
తవ్వుతున్నాను. టీచర్నని చెబితే సైనికుడొకడు నవ్వాడు. సుద్దముక్క పట్టే చేతులమ్మా అవి, గడ్డపారకే జాలేస్తోంది అన్నాడు. తర్వాత తుపాకీ పక్కన పెట్టి ఒక దూలం ఎత్తాడు.
పేరు పెట్టి అరవడానికి మొదట సిగ్గేసింది. సాయంత్రానికి గొంతు పోయింది.

డిసెంబరు 25. సోమవారం.
మధ్యాహ్నానికి వంటింటిదాకా వచ్చాను. పళ్ళేలు పగలలేదు. ఎల్బా తిన్నవేమోనని ఒక్కొక్కటీ తుడిచి గోడవార పేర్చాను.

అదే రోజు, ఆరు గంటలు.
దేవుడా, ఒక్క చప్పుడు వినిపించనీ.

డిసెంబరు 26.
ఆ వీధి మంగలి దోన్ ఎవెనోర్ ఎవరికోసమని అడిగాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. చెప్పాను. రాళ్ళమీద కూలబడ్డాడు. క్లెమెంతీనా ఇల్లు ఇది కాదు తల్లీ అన్నాడు. ఆవిడ చెప్పేది ముప్ఫై ఒకటో సంవత్సరం భూకంపంలో పోయిన పాత బట్టీ లెక్కనట. అది ఐదు వీధుల అవతల ఉండేదట. మా ముసలాళ్ళం పోయినవాటి నుంచే దారి చెబుతాం, బళ్ళో ఏం నేర్పారమ్మా నీకు అన్నాడు.
ఆ భూకంపం పాఠం ఏటా చెప్పేది నేనే. తారీఖు, మృతుల సంఖ్య, కూలిన చర్చిలు. బట్టీ సంగతి పుస్తకంలో లేదు.
పరుగెత్తాం. ఆ వీధి చుట్టూ ముళ్ళకంచె. లోపల రోగాలు రాకుండా శిథిలాలమీద సున్నం చల్లుతున్నారు. సైనికులు పాస్ కావాలన్నారు. వాళ్ళ బూట్లు పట్టుకున్నాను.

డిసెంబరు 27.
లోపలికి వదిలారు. ఎల్బాను తీశాం.
ఎదురింటావిడ చెయ్యి విరిగి ఉంది. లోపలినుంచి తట్టిన చప్పుడు సోమవారం మధ్యాహ్నందాకా వినిపించిందట. ఒంటిచేత్తో దూలం కదల్లేదు, ఇంకొక్క మనిషి ఉంటే లేచేది బిడ్డా అని ఏడ్చింది.

జనవరి 3.
నేను తవ్విన ఇంటివాళ్ళు మసాయా నుంచి వచ్చారు. పండక్కి వెళ్ళి బతికారు. ఒక్క పళ్ళెం కూడా పగలనివ్వలేదని నా చేతులు ముద్దుపెట్టుకున్నారు.
లాక్కోలేదు.