గేటు లోపల తిన్న అన్నం

తార్నాక,
2014 జూలై

విశాలాక్షీ,

యూనిఫాం వేసుకున్నవాడికి సొంత మనుషులు ఎంతవరకు సొంతం? మూడేళ్లుగా ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. మీ అబ్బాయి రవికాంత్‌ను ఆర్మీలో మా తమ్ముడు భూపాల్ పల్టన్‌లోనే వేశారనీ, "రాష్ట్రం విడిపోయింది కదా, మీవాడు మావాణ్ణి ఎలా చూస్తాడో" అనీ రాశావు. జవాబుగా నీకు ఇంతవరకు చెప్పనిది చెబుతాను.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన రోజుల్లో నువ్వు కాకినాడ వెళ్లినప్పుడు, మన క్యాంపస్ పిల్లలు తార్నాక చౌరస్తాలో వంటా వార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే భోజనాల బంతులు. నేనూ కత్తిపీట పట్టుకుపోయి కూరలు తరిగాను. భూపాల్ సెలవులో మా ఇంట్లోనే ఉన్నాడు. ఊరివాళ్లతో వచ్చిన మా నాయిన, మేజర్ కొడుకు యూనిఫాంతో బంతిలో కూర్చుంటాడని అందరికీ చెప్పేశాడు. భూపాల్ మా ఇంటి గేటు దాటలేదు. మామూలు చొక్కాతోనైనా రానన్నాడు.

"బువ్వ తినేతందుకు గూడ ఆర్డర్ గావాల్నారా నీకు?" అన్నాడు నాయిన, ఊరివాళ్ల ముందే.

"ఇంట్ల నీ కొడుకునే నాయినా. గాడ కూసుంటే ఒక పక్కోన్ని అయిత. నా కింద గుంటూరు పోరగాళ్లున్నరు. నేను పొమ్మంటె గుండుకు ఎదురు పోయేటోళ్లు. సాబ్ ఎవల దిక్కున్నడని వాళ్లకు అనుమానం రావద్దు."

"నిన్నే పల్టన్‌తోని గీ రోడ్డు మీదికి తోలితే?" అన్నాను నేను.

"కానూన్ ప్రకారం పిలిచిండ్రా లేదా చూస్త అక్కా. సక్కగుంటె వస్త. నాయిన ముందట్నే నిలబడ్త. కాల్చకుండ ఎంతసేపు నిలబడొచ్చో అంతసేపు నిలబడ్త."

"పిరికి మేజర్" అని నవ్వినవాళ్లలో నా విద్యార్థులూ ఉన్నారు. నాయిన విసురుగా వెళ్లిపోయాడు. కాసేపటికి ఆ రోడ్డు మీది అన్నం, పప్పు విస్తరాకులో పట్టుకొచ్చి గేటు లోపల మెట్టు మీద పెట్టాడు.

"గీడిదాంక రాదు గదా నీ కానూన్. తిను."

మెతుకు వదలకుండా తిన్నాడు. ఖాళీ విస్తరి చూసి నాయిన, "గట్టోడే," అన్నాడు నాతో.

రవికాంత్‌ను నిశ్చింతగా పంపు. మా తమ్ముడని చెప్పుకోవడానికి నాకు ఆ రోజు నుంచే ఎక్కువ గర్వం.

అయినా, భూపాల్ నిజంగానే పల్టన్‌తో వచ్చి ఉంటే, నేను కత్తిపీట వదిలి లేచేదాన్నా, నాయిన పక్కనే కూర్చునేదాన్నా? వాడు తన సంగతి తేల్చుకున్నాడు. నాది నాకు ఇప్పటికీ తేలలేదు.

నీ
స్వరూప