నీకు కప్పని తెల్లగుడ్డ

అన్నా,

నువ్వు పోయి ఏడాదయిందని ఈరోజు చేవెళ్ల చర్చిలో ప్రార్థన పెట్టించాం. పొద్దుగూకాక నీ కాలేజీ దోస్తు మనింట్లో ఒక పాత సినిమా రీలు వేశాడు. పట్నంలో చూసొచ్చి నువ్వు మాకు చేసి చూపించిన రష్యా బ్యాలే నాట్యం అదే. తెర లేకపోతే అవ్వ పెట్టెలోంచి తెల్లగుడ్డ తీసిచ్చింది. నీకు కప్పడానికి మొయినాబాద్‌లో కొన్నది. కాల్పుల్లో నువ్వు పోయాక పోలీసులు నిన్ను మాకివ్వలేదు కదా, దాని మడత విప్పనేలేదు.

బొమ్మ నిండా గీతలు. అయినా నువ్వన్నట్టే అందులో ఆడే ఆమె కాలివేళ్ల కొసల మీద చప్పుడు లేకుండా నడిచింది. గుడ్డ మడతల దగ్గర కొంచెం వంకర పోయింది. చివరికి నేల మీద ఒరిగి చనిపోయింది. నాకేమీ అనిపించలేదు.

నాటకశాలలో తీసిన రీలు కదా, తర్వాత ఆమె లేచి జనానికి వంగి దండం పెట్టింది.

"సచ్చినామె లేసిందేంది బిడ్డా?" అవ్వ అడిగింది.

"ఆట అయిపోయింది గదవ్వా, గందుకే లేసింది," అన్నాడు నీ దోస్తు.

అవ్వ ఆ గుడ్డనే చూస్తూ కూర్చుంది. "గా లేసేది ఒక్కటి మల్ల ఎయ్యి," అన్నది.

వేశాడు. ఆమె లేచింది. అవ్వ మళ్లీ వెయ్యమని అడిగింది.