అమ్మ తోలిన ముప్పై ఒక్క బండ్లు

జూన్ 9, సోమవారం

ఈరోజు డెబ్బై ఆరు కాల్స్. మాన్‌సూన్ చెకప్ క్యాంప్ సర్, వైపర్లు, బ్రేకులు, టైర్లు, బ్యాటరీ అన్నీ ఫ్రీగా చూస్తాం సర్, కొంపల్లి షోరూమ్‌కు రండి సర్. చివర్లో ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నీళ్లు చక్రం మధ్య దాకా వస్తే బండి స్టార్ట్ చేయకండి, ఇంజిన్ పోతుంది. ఆ మాట దాకా వచ్చేసరికి సగం మంది ఫోన్ పెట్టేస్తారు. మిగిలిన సగం ఎక్స్‌చేంజ్ ఆఫర్ ఎంత అని అడుగుతారు.

జూన్ 10, మధ్యాహ్నం

అమ్మకు టిఫిన్ బాక్స్ ఇద్దామని వాషింగ్ బే దగ్గరికి వెళ్లాను. అమ్మ అక్కడ కార్లు కడగబట్టి పదకొండేళ్లు. నేను టెలీకాలర్‌గా చేరి రెండేళ్లు. లంచ్ టైమ్, ఎవరూ లేరు. బేలోంచి ఒక తెల్ల కారు మెల్లగా బయటికొస్తోంది. స్టీరింగ్ వెనకాల అమ్మ.

పక్క సీట్లో రషీద్ భాయ్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. షామీర్‌పేటలో మా స్టాక్‌యార్డ్ ఉంది, కొత్త బండ్లు అక్కణ్నుంచి షోరూమ్‌కు తెచ్చేది ఆయనే. నేను స్తంభం చాటున నిలబడ్డాను. ఎందుకు దాక్కున్నానో తెలియదు. కారు పసుపు గీత మీద సరిగ్గా ఆగింది. అమ్మ దిగి, తన చెయ్యి తగిలిన చోట డోర్‌ను గుడ్డతో తుడిచింది.

జూన్ 26, గురువారం

ఇవాళ అడిగేశాను. మూడు నెలలుగా నేర్చుకుంటోందట. ఇన్నేళ్లు బండిని బయటినుంచే చూశాను, లోపలినుంచి ఎట్లుంటదో చూద్దామనిపించింది అంది. హౌస్‌కీపింగ్ వాళ్లు స్టీరింగ్ ముట్టుకోకూడదని రూల్ ఉంది. చక్రపాణి సార్‌కు తెలిస్తే ఉద్యోగం పోతుందని అరిచాను. అమ్మ ఎల్లిపాయలు ఒలుస్తూనే ఉంది. రివర్స్ ఒక్కటే కష్టంగా ఉందట, మిగతాదంతా బాగానే వస్తోందట.

జులై 12, శనివారం

అనుకున్నంతా అయింది. అమ్మ రివర్స్ తీస్తుంటే ఒక కస్టమర్ బండి అద్దం స్తంభానికి గీసుకుంది. చక్రపాణి సార్ మా వర్క్స్ మేనేజర్. నన్నూ పిలిచాడు. ఇంకోసారి స్టీరింగ్ ముట్టుకుంటే ఉద్యోగం ఉండదన్నాడు. రషీద్ భాయ్ తప్పు తనదేనన్నాడు కానీ సార్ వినలేదు. అయినా సార్ చెడ్డవాడు కాదు. అమ్మకు చదవడానికి వీలుగా మెమోను తన చేత్తో తెలుగులో రాశాడు. అమ్మ ఇంటికొచ్చి దాన్ని రెండుసార్లు చదివింది. అక్షరాలు ముచ్చటగా ఉన్నాయంది.

జులై 30

అమ్మ సెలవు పెట్టి మేడ్చల్ వెళ్లి డ్రైవింగ్ టెస్ట్ పాసై వచ్చింది. రివర్స్‌తో సహా.

ఆగస్టు 14, గురువారం

రషీద్ భాయ్‌కి కుడికంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు డ్రైవింగ్ వద్దన్నారట. వాన మూడు రోజులుగా పడుతూనే ఉంది. ఈరోజు కాల్స్‌లో ఎవరూ మధ్యలో ఫోన్ పెట్టేయలేదు.

ఆగస్టు 17, ఆదివారం, సాయంత్రం 5

ఇవాళే రాయాలి.

పొద్దున ఆరింటికి చర్చికి తయారవుతుంటే రషీద్ భాయ్ ఫోన్. స్టాక్‌యార్డ్ వెనక కుంట పొంగిందట, గోడ కింద నుంచి నీళ్లు లోపలికొస్తున్నాయని వాచ్‌మన్ గౌరయ్య చెప్పాడట. మిగతా డ్రైవర్లు ఇద్దరూ బౌరంపేట్‌లో ఉన్నారు, దారిలో కల్వర్టు మునిగిందట. అమ్మ తెల్ల చీరతోనే బయల్దేరింది, వెంట నేను. మచ్చ బొల్లారంలో ఒక ఆటో దొరికింది. దారిలో రషీద్ భాయ్‌ని ఎక్కించుకున్నాం. నల్లద్దాలు, చేతిలో గొడుగు.

యార్డులో నలభై మూడు బండ్లు. వెనక వరసలో నీళ్లు టైర్లను తాకుతున్నాయి. నేను చక్రపాణి సార్‌కు ఫోన్ చేశాను. డ్రైవర్లు వచ్చేదాకా ఎవ్వరూ ముట్టుకోవద్దన్నాడు, ముఖ్యంగా మీ అమ్మ అన్నాడు. అమ్మ నాలుగడుగుల దూరంలో చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంటోంది. సార్ ఏమన్నాడని అడిగింది.

"తియ్యమన్నడు," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ చెప్పలేను. నీళ్లను చూశాను, అమ్మను చూశాను, అంతే.

క్యాబిన్ గోడకు తాళాలన్నీ నంబర్ల వారీగా వేలాడుతున్నాయి. ఏ తాళం ఏ బండిదో నేను చూడాలి. తాళం మీది బటన్ నొక్కితే వానలో ఎక్కడో రెండు పసుపు లైట్లు వెలిగి ఆరిపోతాయి. అమ్మ తాళం తీసుకుని ఆ లైట్ల వైపు నడుస్తుంది. కాసేపటికి ఇంజిన్ చప్పుడు. రోడ్డు మీద, ఎత్తులో ఒక ఫంక్షన్ హాల్ ఉంది. లోపల పెళ్లి జరుగుతోంది. గౌరయ్య వెళ్లి అడిగితే వాళ్లు తమ బస్సు పక్కకు జరిపి ఖాళీ స్థలం చూపించారట. అమ్మ బండిని అక్కడ పెడుతుంది, గౌరయ్య ఆమెను తన మోపెడ్ మీద తిరిగి తీసుకొస్తాడు. మళ్లీ నేను బటన్ నొక్కుతాను.

చిన్నది, పెద్దది, గేర్లున్నది, గేర్లు లేనిది. ప్రతి బండిలోనూ అమ్మ ఒక క్షణం ఊరికే కూర్చునేది. సీటు ముందుకు జరుపుకునేది. తర్వాత కదిలేది. పదో బండి అయ్యేసరికి పెళ్లివాళ్లలో ఒక పెద్దాయన గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడి, ఆమెకు దారి చూపిస్తున్నాడట. ఇరవయ్యో బండికి తెల్ల చీర నడుము దాకా మట్టి రంగు.

వెనక వరస బండ్ల ముక్కులు గోడవైపున్నాయి. అన్నీ రివర్స్ తియ్యాలి, నీళ్లలో, మధ్యలో మూరెడు సందు. స్క్రీన్ మీద కెమెరా వెనకదంతా చూపిస్తుంది కదా, అమ్మ దాన్ని చూడలేదు. అద్దం దించి, తల బయటపెట్టి, వానలో తడుస్తూ వెనక్కి తీసింది. ఒక్కటీ తగల్లేదు. రషీద్ భాయ్ నా వీపు తట్టాడు.

ముప్పై ఒకటి అయ్యాయి. ముప్పై రెండో బండిలో అమ్మ కూర్చునేసరికి నీళ్లు చక్రం మధ్య దాకా వచ్చేశాయి. అప్పటిదాకా రషీద్ భాయ్ గొంతు పెంచలేదు.

"బహెన్, ఇగ ఆపు. స్టార్ట్ జెయ్యకు. చేస్తే ఇంజిన్ సచ్చిపోతది. గట్లనే ఉండనీ."

అమ్మ వేలు స్టార్ట్ బటన్ దగ్గరే ఉంది. చాలాసేపు అనిపించింది నాకు. తర్వాత దిగింది. రోజుకు డెబ్బై మందికి నేను చదివి వినిపించే వాక్యం అదే. ఆ మాట పాటించడానికి ఎంత బలం కావాలో నాకు ఇవాళే తెలిసింది.

అంతటితో వదల్లేదు. గౌరయ్య దగ్గర స్పానర్ తీసుకుని, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, మిగిలిన బండ్ల బానెట్లు ఎత్తి బ్యాటరీ వైర్లు విప్పింది. నల్ల వైరు ముందు అని రషీద్ భాయ్ చెబుతున్నాడు. కరెంటు బండ్లు రెండున్నాయి, వాటి జోలికి పోవద్దంటే పోలేదు.

పదిన్నరకు డ్రైవర్లు వచ్చారు. అప్పటికి అమ్మ క్యాబిన్ మెట్ల మీద కూర్చుని టీ తాగుతోంది. దగ్గరికి వెళ్లాను. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే కంచంలో తిన్న రోజులున్నాయి. ఈమె ఎవరో అనిపించింది.

ఆగస్టు 18, సోమవారం

చక్రపాణి సార్ అందర్నీ పిలిచాడు. ఎవరి పర్మిషన్‌తో తీశారని అడిగాడు. నేను లేచాను. నా అబద్ధం సంగతి చెప్పేద్దామనే. నోరు తెరిచేలోపే అమ్మ మాట్లాడింది.

"మీరు ఫోన్ల వద్దన్నది నాకు ఇనవడ్డది సారు. ఇనే తీసిన. పిల్లకేం సంబంధం లేదు."

సార్ ఫైల్లోంచి అమ్మ మెమో తీసి చూశాడు.

"మళ్ల ఫోన్ జేసినా నేను వద్దనే అంటా," అన్నాడు చివరికి. "నీ లైసెన్స్ కాపీ ఆఫీసుల ఇయ్యమ్మా."

మెమో ఫైల్లోనే ఉంటుందట. ఒకటో తారీఖు నుంచి అమ్మకు యార్డులో డ్రైవర్ డ్యూటీ అట. రెండూ ఒకే గొంతుతో చెప్పాడు.

బస్సులో అడిగాను, అన్నీ విన్నదానివి నన్నెందుకు అడిగావని. నువ్వు తియ్యమంటవనే అడిగిన అంది. కిటికీ వైపు తిరిగి నిద్రపోయింది. ఆమె అరచేతులు ఒళ్లో తెరిచి ఉన్నాయి. బొబ్బలు. స్టాప్ వచ్చేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాను.

ఆగస్టు 21

నీళ్లలో ఉండిపోయిన పన్నెండు బండ్లను అమ్మడానికి లేదట. అమ్మ మధ్యాహ్నం అన్నం సగమే తిన్నది.

సెప్టెంబర్ 6, శనివారం

షామీర్‌పేట నుంచి కొంపల్లికి డెలివరీ బండి. అమ్మ తోలింది, నేను పక్క సీట్లో. తూంకుంట దాటాక రేడియో పెట్టనా అని అడిగాను. వద్దంది, ఇంజిన్ వినాలట. రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా నా చేతులు ఒళ్లో వాటంతటవే తిరుగుతున్నాయి.