మీరడిగిన క్యాసెట్

హుజూరాబాద్

లక్ష్మీరాజం అన్నకు,

మీ ఉత్తరం అందింది. టీవీకి తగిలించే పాత కంప్యూటర్ల మీద తెలుగుల ప్రోగ్రాంలు రాసుకునేటందుకు మీరు, మా ఆయన కలిసి చేసిన సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడెవరో భద్రం జేసి అందరికి ఉచితంగ ఇస్తరట. దానికి ఆయన తరఫున నా సంతకం, మా ఇంట్ల ఉన్న, ఆ సాఫ్ట్‌వేర్ రికార్డు చేసి పెట్టిన అసలు క్యాసెట్ కావాలన్నరు. ఈసారి ఆయన పేరు గూడ వేయిస్తనన్నరు.

ఆయన పోయి మూడేండ్లయింది. అప్పట్ల తన పేరు గూడ వేయమని అడగనీకి ఆయన కరీంనగర్ల మీ దుకాణానికి వస్తే, "సాంచల మీద చీరెలు నేసేటోని పేరుంటే ఎవడు కొంటడు" అని పదిమందిల నవ్విండ్రు. ఇంటికొచ్చి కంప్యూటర్‌ను మూటగట్టి అటుక మీద పెట్టిండు. మళ్ల దించలే.

ఎవరన్న వాడుకోవచ్చని సంతకం పెట్టిన. క్యాసెట్ గూడ పంపుతున్న. లోకంల గదొక్కటే మిగిలిందని మీరే రాసిండ్రు గద. మీ ఉత్తరం చదివినంక టేప్‌రికార్డర్‌ను సాంచల పక్కన పెట్టి, ఆ క్యాసెట్ మీద రెండు దిక్కుల రికార్డు చేసిన. ఇప్పుడు దాంట్ల సాంచల చప్పుడు తప్ప ఏం లేదు.

దాని మీద మీ ఒక్కరి పేరే వేసుకోండి.

మీ చెల్లె