చక్రం మీది బొట్టు

వాడి కబీర్, శనివారం

అక్కా, ఈ ఎడారి దేశంలో ఇద్దరం క్షేమం, కంగారు పడకు. ఫోన్‌లో అడిగితే నీ మరదలు చంద్రిక వింటుందని ఈ కార్డు ముక్క రాస్తున్నాను.

మా పాత బండిలో ఇసుకలో నాలుగు చక్రాలూ లాగడానికి లివర్ వేస్తే ముందు చక్రాలు వాటంతటవే అందుకునేవి. అది పాడైతే మెకానిక్ చేత్తో తిప్పే హబ్‌లు బిగించాడు. ఇసుకలోకి దిగే ముందు రెండు ముందు చక్రాల మధ్యనున్న బిళ్ళలను లాక్ వైపు తిప్పాలి, రోడ్డెక్కాక ఫ్రీ వైపు, లేదంటే లోపల అరిగిపోతుంది. నువ్వు చెప్పినట్టే చంద్రిక బండికి పూజ చేసి, సరిగ్గా ఆ బిళ్ళల మీదే పసుపు మెత్తి కుంకుమ పెట్టింది. ఎండకు పెచ్చు కట్టి, వాటి మీద చెక్కిన మాటలు పూడిపోయాయి.

నిన్న ఇబ్రి ఊరి అవతల ఇసుకలో దిగబడ్డాం. ఏది లాకో తెలియక అటొకసారి ఇటొకసారి తిప్పి లాగించినకొద్దీ బండి ఇంకా దిగింది. తుడుస్తానంటే చంద్రిక, "పెట్టిన బొట్టు దారి మధ్యలో చెరుపుతారా ఎవరైనా" అంది. తాగే నీళ్ళు అడుగంటాక కుడి చక్రానిది తుడిచి, చూసి తిప్పాను. ఎడమదీ అటే తిప్పాను. బండి కదిలింది. లాక్ పడి బయటపడ్డామని నేను, ఎడమ బొట్టు మిగలబట్టి బయటపడ్డామని తను. నాకేమీ పాలుపోవడం లేదు.

ఇసుకకు వెళ్ళినప్పుడల్లా తుడిచి మళ్ళీ పెట్టుకోవచ్చా? పంతులుగారిని అడుగు. ఆవకాయ సీసా మూత ఈసారి గట్టిగా బిగించు. బావగారి మోకాలు ఎలా ఉంది? పిల్లలకు నా ఆశీస్సులు.

నీ తమ్ముడు,
విశ్వతేజ

చోటు లేక అంచున రాస్తున్నాను. ఇప్పుడే కిందికి వెళ్ళి చూశాను. కుడి చక్రానికీ చంద్రిక మళ్ళీ బొట్టు పెట్టేసింది. ఫ్రీకి తిప్పానో లేదో నాకు గుర్తు లేదు.