గడ్డికి సాయంత్రం నీళ్లు వద్దు

నాయనా,

ఈ సాయంత్రం లాన్ గడ్డికి నీళ్లు పెట్టొద్దు. రేపు తెల్లారినాక నేనే పెడతాను. పొద్దున గడ్డి మీద దూదిలాగా కనిపించింది మంచు కాదు, తెగులు. దాని కింద గడ్డి జిడ్డుగా, నల్లగా మెత్తబడిపోయింది. నిన్న అరచేయంత ఉన్న మచ్చలు ఈ పొద్దుటికి చాటంత అయ్యాయి. రాత్రంతా తడి ఉంటే ఇంకా పాకుతుంది. మచ్చలు తొక్కిన కాళ్లతో బాగున్న గడ్డిలోకి పోవద్దు. మిషన్‌తో కోయొద్దు. కింది గట్టు తెంపి, నిలిచిన నీళ్లు బయటికి వదులు.

ఒక గడ్డి పెళ్ల తీసుకుని నంద్యాల వ్యవసాయ ఆఫీసు సార్‌కు చూపించడానికి పోతున్నాను. ఆయన చెప్పిన మందు తెచ్చి ఈ రోజే కొడతాను. మూడు రోజుల్లో స్కూలు గ్రౌండ్‌ వాళ్లు గడ్డి తీసుకుపోను లారీ తెస్తారు. మిగిలిన సగమైనా దక్కకపోతే ఇంకెవరూ నా దగ్గర గడ్డి కొనరు. నాకేమీ తోచడం లేదు నాయనా.

"ఎండకు వాడిపోతాండాదమ్మా, అందుకే మాపుసారి పెట్టినా" అన్నావు. నేను అరిచాను. బోరు ఎండిపోయి చీనీ తోటంతా నరికించినవాడివి. నీళ్లు ఎక్కువై గడ్డి చస్తుందని నీకెట్లా తెలుస్తుంది?

నీ కూతురు శివలీల

మోటారు ఫ్యూజులు పీకి సంచిలో వేసుకున్నాను. గేటు దాకా పోయి, వెనక్కొచ్చి మళ్లీ పెట్టేశాను.