ఒకే గూడు, రెండు పెట్టెలు

తడ,
2011 ఫిబ్రవరి 6

ప్రియమైన పవిత్రకు,

నేను క్షేమం. నువ్వూ అత్తా క్షేమమని తలుస్తాను. ఫోన్లో ఊ కొట్టడం తప్ప మాట్లాడనని నీ ఫిర్యాదు కదా, అందుకే రాస్తున్నాను. కాగితం ముందు కూర్చుంటే నాకూ నోరు లేస్తుంది. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది?

మనకు ఇల్లు చూశాను. మా శ్రీ సిటీ కంపెనీ బస్సు ఆగే చోటికి దగ్గర. ఒక గది, వంటిల్లు, వెనక బట్టలు ఆరేసుకునే జాగా. టీవీ పెట్టే చోట గోడలో ఒకే ఒక గూడు ఉంది. ఇంటి ఓనరు జయంతమ్మ, "పెండ్లాం వస్తాదంటేనే ఇస్తా. ఒంటి మొగోళ్లకు ఇచ్చేది లేదు" అని తేల్చేసింది. ఉగాది దాకా ఆగుతుందట.

మొన్న మద్రాసులో డీవీడీ, వీడియో కేసెట్ రెండూ ఆడే ప్లేయర్ చూశాను. ఒకే పెట్టె, ఒకే రిమోటు. ఆ గూట్లో అచ్చంగా పడుతుంది. మామ జాతర కేసెట్ కూడా అందులో చూసుకోవచ్చు. కొనేదా? ఇంటి సంగతి కూడా రాయి. అదే ముఖ్యం.

నీ జవాబు కోసం చూస్తూ,
గుణశేఖర్


తిరుచానూరు,
ఫిబ్రవరి 14

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం అంగట్లో పూలు కడుతూ చదివాను. ఒక మూర దండలో ముడులు తప్పాయి, అమ్మ తిట్టింది.

రెండూ కలిసినది వద్దు బావా. ఒకదానికి జబ్బు చేస్తే రెండూ మంచం పడతాయి. పాత వీసీఆర్ రిపేరు చేయిద్దాం, డీవీడీది వేరేగా కొందాం. ఈ విషయంలో నేను మారను.

వీసీఆర్ సంగతి నీకు తెలుసుగా, దీపావళి నుంచి కేసెట్‌ను మింగి కూర్చుంది. మీట నొక్కితే గరగరమంటుంది తప్ప బయటికి వదలదు. నాయన కదులుతూ కనిపించేది ఈ భూమ్మీద అందులో ఒక్కచోటే. గంగజాతరకు మొక్కు తీర్చడానికి మీసం తీసేసి, అమ్మ పట్టుచీర కట్టి, కనకాంబరాలు పెట్టుకుని నడుస్తూ, కెమెరా వైపు తిరిగి "ఏం కుప్పమ్మా, నీకన్నా బాగుండానా, లేదా?" అంటాడు. ప్రతి శుక్రవారం అమ్మ అది చూస్తూ టీవీకి జవాబు చెప్పేది. ఇప్పుడు శుక్రవారం వస్తే అంగడి కట్టేసి కూడా అక్కడే కూర్చుంటోంది. ఇంటికి రాబుద్ధి కాదంటుంది.

విప్పిస్తే టేపు తెగుతుందేమోనని భయం. విప్పించకపోతే అమ్మ ఇలాగే ఉండిపోతుందని దిగులు. ఇంటి సంగతి తర్వాత రాస్తాను.

వేళకు తిను.
నీ పవిత్ర


తడ,
ఫిబ్రవరి 22

ప్రియమైన పవిత్రకు,

కోపంలో ఉన్నా ఆ మొదటి మాట మానలేను.

ప్లేయర్ గురించి అంత రాశావు, ఇంటి గురించి ఒక్క ముక్క. ఉన్నది ఒకే గూడని రాశాక కూడా రెండు పెట్టెలు కొందామన్నావంటే, ఈ ఇంటికి వచ్చే ఉద్దేశం నీకు లేదనే కదా! నెలకోసారి మీ ఇంటికి చుట్టంలా వచ్చి, సంచి సర్దుకుని పోవడం నాకు విసుగొచ్చింది. నాతో పనిచేసే ఏబెల్ పెళ్లాన్ని తెచ్చుకున్నాడు. "మీ ఇంటామె ఎప్పుడొస్తాదప్పా?" అని రోజూ అడుగుతాడు. నేనేం చెప్పేది?

అత్తను వదిలి రమ్మనడానికి నాకు నోరు రాదు. అందుకే ఉగాది కాగానే ఇల్లు ఇంకెవరికైనా ఇచ్చుకోమని జయంతమ్మతో చెప్పేస్తాను. మామ కేసెట్ మాత్రం ఎవరితో పడితే వాళ్లతో విప్పించకు.

గుణశేఖర్


తిరుచానూరు,
మార్చి 19

ప్రియమైన కోపిష్టి బావకు,

ఇన్నాళ్లూ నీ ఫోన్లు అమ్మ చేత ఎత్తించాను. ఇప్పుడు అన్నీ ఒకేసారి చెబుతాను, నిదానంగా చదువు.

తిరుపతిలో పెళ్లి వీడియోలు తీసే ధర్మేంద్ర దగ్గరికి వీసీఆర్ తీసుకుపోయాను. మూత విప్పి చూస్తే లోపలంతా కుంకుమ! "ఏందమ్మా, ఇది వీసీఆరా, గంగమ్మ గుడా?" అన్నాడు. అమ్మ ప్రతి శుక్రవారం కేసెట్ పెట్టే ముందు దాని నోటి దగ్గర బొట్టు పెట్టేది బావా. నాయన అందులోంచే వస్తాడు కదా మరి! అదంతా రాలి లోపల గడ్డకట్టింది. ఇంటికొచ్చి చెబితే "మా ఆయనకు బొట్టు పెట్టుకునేదానికి ఎవురినడగాల నేను?" అని ముందు గదమాయించింది. తర్వాత తనే పాడు చేసిందని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

టేపు తెగలేదు. కనకాంబరాల దగ్గర కొంచెం గీతలు పడతాయి, గొంతు మాత్రం అలాగే ఉంది. ధర్మేంద్ర వీసీఆర్ బాగుచేసి, టేపును డిస్కులోకి కూడా ఎక్కించాడు.

ఇక నీ గూడు సంగతి. రెండూ కలిసిన ప్లేయర్ ఏదో ఒక ఇంట్లోనే ఉంటుంది. తడకు తెస్తే అమ్మకు శుక్రవారాలు ఉండవు. ఇక్కడే ఉంచితే నేను నాయన లేకుండా రావాలి. విడివిడిగా అయితే కేసెట్, వీసీఆర్ అమ్మకు. డిస్కు, డీవీడీ ప్లేయర్ మనకు. నీ మొదటి ఉత్తరం చదివిన రోజే ఇది అనుకున్నాను. టేపు బతుకుతుందో లేదో తెలియకుండా, అమ్మను అడగకుండా, నీకు మాట ఎలా ఇచ్చేది? నువ్వేమో ఈలోగా పెట్టెలు లెక్కపెట్టి అలిగావు.

నిన్న శుక్రవారం. వీసీఆర్ పెట్టాక, తడకు పోనా అని అడిగాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "పూలంగడి నడిపేదాన్ని, నన్ను సంకనెత్తుకొని తిరగాల్నా? పొయ్యి మీ బావకింత సంగటి కెలికి పెట్టు. శుక్రారం మాత్రం ఫోన్ జెయ్యి, ఈడా ఆడా ఒకేసారి పెట్టుకుందాం" అంది. ఇంతలో టీవీలో నాయన, బాగుండానా లేదా అని అడిగాడు. "బాగుండావులేబ్బా, బిడ్డ ఊరికి పోతాండాది, దీవించు" అంది.

జయంతమ్మతో ఇల్లు వద్దని అనేసి ఉంటే ఇప్పుడే పోయి కాళ్లావేళ్లా పడు. ఉగాదికి ముందే వస్తున్నాను. ఆ గూడు తుడిచి ఉంచు బావా, నేను తెచ్చేది ఒక్క పెట్టే.

బట్టలు సర్దుకుంటూ,
నీ పవిత్ర